మందగించిన థైరాయిడ్, పెరిగిన బరువు



పెండ్లిపందిళ్ళలోను, పేరంటములలోను చాలకాలమునకు కలిసికొన్న స్త్రీలు ఒకరినొకరు మొట్టమొదట అడుగు ప్రశ్న యేది? "పిల్లలు కులాసాయా?" అనునది కాదు. "అయ్యో, ఎంత లావైపోతివమ్మా!" అనునదియే. అన్నవారికది పలుకరింపు మాత్రమే. విన్నవారికది యెన్ని దినములైనను మఱపురాని ముల్లు. ఆ ముల్లు నా చెల్లెలికి గ్రుచ్చుకొన్న విధమును, దానివలన గలిగిన ఆపదను, తరువాత మేము నేర్చుకొన్న సంగతులను మీతో చెప్పికొనవలెనని యీ వ్యాసము వ్రాయుచున్నాను. ఆ ముల్లు గ్రుచ్చినవారిలో నేనును ఒకతెను. కావున ఇది కొంతవఱకు నా తప్పు ఒప్పుకొనుట కూడ.

నా చెల్లెలికి నలువదియొక్క సంవత్సరములు. మూడేండ్లలో 58 కిలోల మనిషి 70 కిలోలకు వచ్చినది. ఉదయము లేవగానే ఒడలు బరువు, పగలే నిద్ర, అందఱును ఉక్కపోయుచున్నదని విసనకఱ్ఱ పట్టుకొన్నవేళ ఆమెకు చలి, దువ్విన ప్రతిసారి దువ్వెన నిండ జుట్టు, మలబద్ధకము, నెలసరి మితిమీఱి కనబడుట. ఇవన్నియు చూచి మేమేమంటిమి? "కూర్చుండి తినుటవలన వచ్చిన లావు" అని ఆమె అత్తగారనిరి. "నాలుగడుగులు నడువరాదా?" అని నేనంటిని. తెల్లవాఱకముందే లేచి ముంగిట ముగ్గుపెట్టు చుఱుకైన పిల్ల ఒక్కసారిగా సోమరి యెట్లయ్యెనని మాలో ఒక్కరమును ఆలోచింపలేదు.

తుదకు ఒక లేడీ డాక్టరుగారు రక్తపరీక్ష చేయించి, థైరాయిడ్ గ్రంథి మందగించినదని తేల్చిరి. మాత్ర వ్రాసియిచ్చిరి. మూడు నెలలలో మూడున్నర కిలోలు తగ్గినది. మొగము వాపు తీసినది, మాట తేరుకొన్నది. తరువాత ముల్లు కదలలేదు. తూనికయంత్రము 66½ వద్దనే నిలిచిపోయినది. అప్పుడొక పెండ్లిలో ఎవరో ఆ పాతప్రశ్న మరల అడిగిరి. మా చెల్లెలు ఎవ్వరితోను చెప్పక, "ఒక మాత్రకు మూడున్నర తగ్గిన యెడల రెండు మాత్రలకు ఏడు తగ్గవా?" అని తనలో తాను లెక్కకట్టుకొని, నాటినుండి దినమునకు రెండు మాత్రలు మ్రింగసాగినది.

ఏడవవారమున అర్ధరాత్రి నాకు టెలిఫోను వచ్చినది. "అక్కా, గుండె పక్షివలె కొట్టుకొనుచున్నది. చేతులు వణకుచున్నవి. నిద్రపట్టి నాలుగు దినములైనది" అని ఏడ్చినది. ఆస్పత్రికి తీసికొనిపోయితిమి. అదృష్టవశమున గుండెకు శాశ్వతమైన హాని కలుగలేదు. అన్ని పాట్లు పడి ఆమె తగ్గినది రెండు కిలోలు. మాత్ర మొదటి మోతాదునకు రాగానే ఆ రెండును తిరిగి వచ్చినవి.

కంఠముననున్న చిన్న గ్రంథి

మన కంఠము ముందుభాగమున, గొంతుముడికి దిగువగా, రెక్కలు విప్పిన సీతాకోకచిలుక ఆకారమున ఒక గ్రంథి కలదు. దాని తూకము సుమారు 15 మొదలు 25 గ్రాములు. ఇదియే థైరాయిడ్. మనము తిను ఆహారములోని అయొడిన్‌ను గ్రహించి ఇది థైరాక్సిన్ మున్నగు రసములను తయారుచేసి రక్తములోనికి వదలును. పొయ్యిలో మంట హెచ్చుతగ్గులు చేయునట్లు, దేహమందలి ప్రతి అవయవము ఎంత వేగముగా పనిచేయవలెనో యీ రసములు నిర్ణయించును. గుండె కొట్టుకొనుట, ప్రేగులు కదలుట, ఒడలు వెచ్చగానుండుట, ఋతుక్రమము, చర్మము, జుట్టు, మనస్సు ఇవన్నియు దీనిపై ఆధారపడియున్నవి.

మెదడు క్రింద పీయూషగ్రంథి అను మఱియొకటి కలదు. థైరాయిడ్ పని తగ్గినపుడు అది "ఇంకను పనిచేయుము" అని హెచ్చరికగా ఒక రసమును పంపును. దానినే టి.ఎస్.హెచ్. అందురు. పెద్దవారికి రక్తమున ఇది సామాన్యముగా 0.4 మొదలు 4 వఱకు ఉండును. థైరాయిడ్ మందగించినకొలది యీ సంఖ్య పెరుగును. మా చెల్లెలికి అది 38. పనిమనిషి పలుకకున్న యజమానురాలు మఱింత గట్టిగా పిలిచినట్లని డాక్టరుగారు మాకు బోధపఱచిరి.

ఈ జబ్బు పురుషులకంటె స్త్రీలకు అనేకరెట్లు అధికము. హైదరాబాదుతో సహా మనదేశములోని ఎనిమిది నగరములలో పెద్దవారిని పరీక్షించి 2013లో ప్రకటించిన లెక్కప్రకారము, నూటికి సుమారు 11 మందికి థైరాయిడ్ మందగించియున్నది. వారిలో మూడవవంతు మందికి తమకీ జబ్బున్నట్లే తెలియదు. కారణములలో ముఖ్యమైనది, దేహమును కాపాడవలసిన రక్షకశక్తియే పొరబడి యీ గ్రంథిపై పడి దానిని క్రమముగా పాడుచేయుట. 1912లో హషిమోటో అను జపాను వైద్యుడు దీనిని వర్ణించెను గనుక అతని పేరనే పిలుతురు. అయొడిన్ లోపము, గ్రంథికి శస్త్రచికిత్స జరుగుట, కొన్ని మందులు కూడ కారణములే. వీనిలో సోమరితనము ఎక్కడను లేదని పాఠకురాండ్రు గమనింతురు గాక.

వైద్యులు దీనిని కనుగొన్న చరిత్ర

1873లో లండనులో విలియం గల్ అను వైద్యుడు, వయస్సు వచ్చిన కొందఱు స్త్రీలు మొగము ఉబ్బి, మాట మందగించి, మనిషియే మాఱిపోవుటను వర్ణించెను. 1878లో విలియం ఆర్డ్ అట్టివారి చర్మము క్రింద నీటిని పట్టియుంచు జిగురువంటి పదార్థము చేరుటను గమనించి, ఈ జబ్బునకు మిక్సెడిమా అని పేరిడెను. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుడు. బరువుమాట వచ్చినపుడు దీనితో పని కలదు.

1891లో ఇంగ్లాండులోని న్యూకాజిల్ నగరమున జార్జి మర్రే అను యువకవైద్యుడు గొఱ్ఱె థైరాయిడ్‌నుండి తీసిన రసమును 46 ఏండ్ల స్త్రీకి సూదిమందుగా నెక్కించెను. ఆమెకు గుణము కనబడెను. మఱి యిరువదియెనిమిది సంవత్సరములు జీవించి, 74వ యేట కాలధర్మము నొందెను. 1914లో అమెరికాలో ఎడ్వర్డ్ కెండాల్ థైరాక్సిన్‌ను విడదీసెను. 1927లో హారింగ్టన్, బార్గర్ అనువారు దానిని ప్రయోగశాలలోనే తయారుచేసిరి. నేడు మనము మ్రింగు చిన్నమాత్ర అదియే. అనగా ఇది కొత్తగా దేహములోనికి చొప్పించు విషమేమియు గాదు. గ్రంథి ఇవ్వలేక పోయినదానిని సీసాలోనుండి ఇచ్చుటయే.

ఇక ఉప్పు సంగతి. శ్రీకాకుళమున జన్మించి, విశాఖపట్టణమున ఆంధ్రవైద్యకళాశాలలో చదివిన డాక్టరు వులిమిరి రామలింగస్వామిగారు 1956 మొదలు హిమాలయప్రాంతమగు కాంగ్రాలోయలో జరిగిన పరిశోధనకు నాయకత్వము వహించిరి. అయొడిన్ చేర్చిన ఉప్పు వాడినచోట గొంతువాపు తగ్గునని అది నిరూపించినది. 1962లో భారతప్రభుత్వము గొంతువాపు నివారణపథకమును ప్రారంభించినది. ఇపుడు కొందఱు ఇల్లాండ్రు ఆరోగ్యమునకు మంచిదని విని సైంధవలవణమునే వంటకంతకు వాడుచున్నారు. దానిలో తగినంత అయొడిన్ ఉండదు. వంటకు అయొడిన్ ఉప్పే వాడుడు. అదియు మనిషికి దినమునకు అయిదు గ్రాములు మించనీయకుడు.

బరువులో థైరాయిడ్ వంతెంత?

మా చెల్లెలు పొరబడినది ఇచ్చటనే. నేనును ఎఱుగని సంగతి ఇదియే. పెరిగిన బరువంతయు థైరాయిడ్‌దే అని మేము తలచితిమి. అది నిజముగాదు. బాగుగా మందగించిన థైరాయిడ్‌వలన సామాన్యముగా పెరుగునది రెండున్నర మొదలు అయిదు కిలోలు. అందులోను అధికభాగము క్రొవ్వు గాదు. ఆర్డ్ కనుగొన్నట్లు దేహములో నిలిచిన ఉప్పు, నీరు. మాత్ర సరిపడగానే మొదట తగ్గునది ఆ నీరే. అందుచేతనే తొలినెలలలో త్వరగా తగ్గినట్లుండి, తరువాత నిలిచిపోవును.

మా చెల్లెలు పెరిగినది 12 కిలోలు. మాత్రతో పోయినది 3½. మిగిలిన 8½ ఎచ్చటివి? జబ్బు తెలియని మూడేండ్లలో అలసటచేత కదలిక తగ్గినది. కదలిక తగ్గినను తిండి తగ్గలేదు. నీరసము తీఱుటకని చక్కెర వేసిన టీ నాలుగుమార్లయినది. అట్లు చేరినది క్రొవ్వు. క్రొవ్వు అందఱికి తగ్గు దారిననే తగ్గవలెను. మాత్ర చేయు పని ఒక్కటే: తగ్గకుండ అడ్డుపడుచున్న గొళ్ళెమును తీయును. తలుపు తెఱచుకొని నడువవలసినది మనము.

ఈ రెండులెక్కలు తెలిసిన స్త్రీ నిరాశపడదు, మాత్రను తిట్టదు, రెట్టింపు మ్రింగదు. ఇంకొక సంగతి. టి.ఎస్.హెచ్. అయిదో ఆఱో ఉండి, థైరాక్సిన్ సరిగానే ఉన్నవారి లావునకు థైరాయిడ్ కారణమని చెప్పుట సరిగాదు. అట్టివారికందఱికి మాత్ర అవసరముండదు. అది డాక్టరు నిర్ణయింపవలసినది.

మాత్ర రెట్టింపైన కలుగు కీడు

ఈ పొరబాటు మా చెల్లెలొక్కతెయే చేసినది గాదు. మర్రే వైద్యము విజయము పొందిన కొలదికాలమునకే ఐరోపాలో థైరాయిడ్ మాత్రలను లావు తగ్గించు మందుగా అమ్మసాగిరి. ఎందఱో గుండెదడతో బాధపడిరి. నేడు అమెరికాలో యీ మాత్రపెట్టెతోవచ్చు కాగితముపై, "దీనిని స్థూలకాయమునకుగాని, బరువు తగ్గుటకుగాని వాడరాదు" అని గళ్ళుకట్టి హెచ్చరికగా అచ్చువేయుదురు.

మితిమీఱిన థైరాక్సిన్ గుండెలయను తప్పించును, నిద్రను హరించును, విరేచనములు తెచ్చును. ముట్లుడిగిన స్త్రీలకు ఎముకలను గుల్లచేయును. అది కరగించునది క్రొవ్వు మాత్రమే గాదు, కండను కూడ. కండ తగ్గిన దేహము మునుపటికంటె తక్కువ తిండితోనే లావగును. కనుక ఇది నష్టపు బేరము.

మాత్ర వేసికొను విధము

మాత్ర చిన్నదే గాని పట్టింపు పెద్దది. ఉదయము లేవగానే, పరగడుపున, మంచినీళ్ళతో వేసికొనవలెను. తరువాత అరగంట, వీలైన గంటసేపు, ఏమియు పుచ్చుకొనరాదు. మన యిండ్లలో మొదటి కాఫీపై మక్కువ మెండు. కాఫీతోపాటు మ్రింగిన మాత్ర దేహమునకు పూర్తిగా పట్టదు. మా చెల్లెలు మంచముప్రక్కన మాత్రసీసాయు, మంచినీళ్ళ చెంబును ఉంచుకొని, లేచినవెంటనే వేసికొని, ముగ్గుపెట్టి, స్నానముచేసి వచ్చువఱకు కాఫీమాట తలపెట్టదు. గంట తెలియకుండనే గడచిపోవును.

రక్తహీనతకిచ్చు ఇనుము మాత్రలను, ఎముకలకిచ్చు కాల్షియం మాత్రలను దీనికి నాలుగు గంటల ఎడముగా వేసికొనవలెను. రాగులలో కాల్షియం హెచ్చు; కావున మాత్ర వేసికొన్న వెంటనే రాగిజావ త్రాగక, కొంత ఆలస్యముగా పుచ్చుకొనుట మేలు. జుట్టు రాలకుండుటకని బయోటిన్ మాత్రలు వాడువారు రక్తపరీక్షకు రెండు దినములు ముందుగా వానిని ఆపవలెను. లేనియెడల పరీక్ష తప్పులెక్క చూపవచ్చును.

ఏకాదశియైనను, కార్తికసోమవారమైనను మాత్ర మానరాదు. ఉపవాసము తిండికేగాని మందునకు గాదు. మోతాదు మార్చిన ఆఱు మొదలు ఎనిమిది వారములకు గాని ఫలితము తేలదు. ఏలననగా ఈ మందు దేహమునుండి మెల్లగా పోవును. సగము తగ్గుటకే సుమారు ఒక వారము పట్టును. కావున పదిదినములకే "గుణము కనబడలేదు" అని మోతాదు మార్చుకొనుట తెలివితక్కువ.

గర్భము నిలిచినదని అనుమానము కలిగినవెంటనే డాక్టరును కలిసికొనవలెను. తొలినెలలలో శిశువు మెదడు పెరుగుటకు తల్లి థైరాక్సినే ఆధారము. మోతాదు సామాన్యముగా పెంచవలసియుండును. ఆ కాలమున బరువు తగ్గు ప్రయత్నమే కూడదు.

థైరాయిడ్‌ను వేళ్ళతో పెఱికివేయుదుమని చెప్పి పొడులు, కషాయములు అమ్మువారి మాట విని మాత్ర మానివేసినవారిని నేనెఱుగుదును. మానిన కొన్ని వారములకే పాతజబ్బు తిరిగివచ్చినది. అట్లే సముద్రపునాచు మాత్రలని అధికముగా అయొడిన్ మ్రింగుట హషిమోటో జబ్బు కలవారికి మేలుకు మాఱు కీడే చేయవచ్చును. క్యాబేజి, కాలీఫ్లవరు సంగతి పలువురు అడుగుదురు. ఉడికించి మితముగా తినుటకు భయమక్కరలేదు.

వంటయింటి లెక్క

మా చెల్లెలింట అయిదుగురు. నెలకు ఆఱులీటర్ల నూనె తెచ్చుచుండిరి. లెక్కకట్టగా మనిషికి దినమునకు 40 మిల్లీలీటర్లు, అనగా సుమారు 330 కేలరీలు నూనెరూపముననే పోవుచుండెను. దానిని నాలుగు లీటర్లకు తగ్గించిరి. మనిషికి సుమారు 110 కేలరీలు తగ్గినవి. ఇంటిలో ఎవ్వరును కూరకు రుచి చాలలేదనలేదు. తిరుగమోత గరిటెకు బదులు చెంచాతో కొలిచి వేయుటయే చేసిన మార్పు.

నాలుగు టీలకు, కాఫీలకు కలిపి ఎనిమిది చెంచాల చక్కెర. సుమారు 160 కేలరీలు. దానిని సగము చేసినది. అన్నము మూడుపూటలు తినెడిది. బియ్యము దినమునకు 50 గ్రాములు తగ్గించి, ఆ చోటున సొరకాయ, బీరకాయ, తోటకూర, గోంగూర హెచ్చించినది. అన్నముపై కూర వేసికొనుట మాని, కూరలో అన్నము కలుపుకొనుట ప్రారంభించినది. 50 గ్రాముల బియ్యమునకు సుమారు 170 కేలరీలు. ఈ మూడును కలిపి దినమునకు 360.

కాగితముపై చూచిన నెలకొక కిలోకు పైగా తగ్గవలెను. దేహము కాగితము గాదు. హెచ్చించిన కూరలోను, పప్పులోను కేలరీలుండును, పండుగలుండును, చుట్టములు వత్తురు. పదినెలలలో ఆఱుకిలోలు తగ్గినది. కాని యిది మరల రాలేదు.

తగ్గించుట యొకటేగాక హెచ్చింపవలసినదియు కలదు. కండ నిలుచుటకు మాంసకృత్తులు కావలెను. అఱువది కిలోల స్త్రీకి దినమునకు సుమారు 50 గ్రాములు చాలును. నూఱు గ్రాముల కందిపప్పులో 22, ఒక గ్రుడ్డులో 6 గ్రాములుండును. పప్పు, పెసలు, సెనగలు, పెరుగు, తినువారికి గ్రుడ్లు, చేపలు ప్రతిపూట కొంతైన ఉండునట్లు చూచుకొనవలెను. మన యిండ్లలో అందఱకు వడ్డించి అడుగునమిగిలిన పలుచని చారుతో అన్నము తిను ఇల్లాలికి కడుపునిండునుగాని కండకు బలము చేకూఱదు. ఆమె పళ్ళెమున గట్టిపప్పు ముందుగా పడవలెను.

శనివారము ఒంటిపూటయని చెప్పి రాత్రి ఆఱు దోసెలు, కొబ్బరిపచ్చడితో తినుట ఉపవాసము గాదు. అట్లని కేవలము మజ్జిగతో వారములు గడపుటయు మేలుగాదు. మితిమీఱి మాడినయెడల కండకరగును, జుట్టు మఱింత రాలును, నీరసము పెరుగును. అది థైరాయిడ్‌వలననా, పస్తువలననా అని డాక్టరునకే తికమక కలుగును.

నడకయు, బలమును

తొలుత మా చెల్లెలు పది నిమిషములు నడిచి కూర్చుండిపోయెడిది. రక్తపరీక్ష సరియగువఱకు డాక్టరుగారు ఆమెను తొందరపెట్టలేదు. తరువాత వారమున కొక అయిదు నిమిషములు పెంచుచు అరగంటకు వచ్చినది. వారమున కయిదు దినములు, మొత్తము 150 నిమిషములు నడువవలెనని ప్రపంచారోగ్యసంస్థవారి సలహా. మాటలాడగలిగి, పాట పాడలేనంత వేగము చాలును.

నడకతోపాటు వారమున రెండు దినములు కండకు పని కల్పింపవలెను. కుర్చీలో కూర్చుండి చేతులానక పదిమార్లు లేచుట. గోడకు రెండు చేతులానించి ముందుకు వ్రాలి వెనుకకు నెట్టుకొనుట. లీటరు నీటిసీసాలు రెండు చేతులతో ఎత్తిదించుట. దీనికి వ్యాయామశాల అక్కరలేదు, వేఱు దుస్తులక్కరలేదు. ఇంటిపనియే చాలదా యని అడుగుదురు. ఇంటిపని అలసట నిచ్చును. కాని గుండెకు కావలసిన ఎడతెగని వేగము అన్ని పనులలోను ఉండదు.

తూకము వారమునకొక్కసారి, ఒకే దినమున, ఉదయము చూచుకొన్న చాలును. నెలసరిముందు నీరుచేరి ఒక కిలో పెరిగినట్లు కనబడిన దిగులుపడవలదు. నడుము చుట్టుకొలతయు నెలకొకమాఱు చూచుకొనుడు. మనదేశపు స్త్రీలకది 80 సెంటీమీటర్లు దాటరాదందురు. వారమున కరకిలో తగ్గిన అది గొప్ప వేగము. నెలకు అరకిలో తగ్గినను అపజయము గాదు. మాత్ర సరిపడి, తిండి, నడక క్రమపడి, ఆఱునెలలైనను ఏమియు తగ్గనియెడల తనను తాను నిందించుకొనక డాక్టరును మరల చూడవలెను. మధుమేహము, అండాశయపు తిత్తులు, నిద్రలో ఊపిరి ఆగుట, వేఱు మందులు కారణములై యుండవచ్చును. బరువు తగ్గించు కొత్త సూదిమందులు నేడు వచ్చియున్నవి. అవియు డాక్టరు సలహాపై తీసికొనవలసినవేగాని, పొరుగింటావిడ చెప్పినదని కొనవలసినవి గావు.

గుండెదడ, రొమ్మున నొప్పి, ఆయాసము, కంఠమున పెరుగుచున్న గడ్డ, చలితో కూడిన మగత కనబడిన ఒక్క దినమైనను ఆలస్యము చేయరాదు.

ఇంటివారికొక మాట

ఆస్పత్రినుండి వచ్చిననాడు నేను చెల్లెలి నడిగితిని: "రెండు మాత్రలు వేసికొనునపుడు నాతోనైన ఒక్కమాట చెప్పకపోతివేమే?" అది కొంతసేపు మౌనముగా ఉండి, "చెప్పినచో నీవు నడువుమందువు, అక్కా" అన్నది.

ఆ మాటకు నావద్ద సమాధానము లేకపోయినది. నేను చెప్పినది మంచిసలహాయే. నడక మంచిదే. కాని ఒడలు మందగించి కాలెత్తలేక యున్నదానికి, కారణ మడుగక నేనిచ్చిన సలహా ఆమె చెవిని నిందగానే పడినది. నిందకు వెఱచిన మనిషి దాచును. దాచిన చోటనే ఆపద పుట్టును.

కావున నా విన్నపము జబ్బుపడిన సోదరికంటె ఆమె చుట్టునున్నవారికే అధికము. కోడలు పగటివేళ కనురెప్పలు వాల్చిన సోమరియనుటకుముందు ఒక్కసారి రక్తపరీక్ష చేయింపుడు. ఉదయము ఆమె మాత్ర వేసికొన్నపిదప ఆ గంటసేపు కాఫీ ఇంకెవరైన కలుపుడు. సాయంకాలము నడకకు పోవునపుడు పిల్లల చదువు భర్త చూచికొనవచ్చును. పళ్ళెమున ఆమెకు కూడ పప్పు మిగిలినదో లేదో ఒకరు కనిపెట్టుడు. ఇందులో ఖర్చేమియు లేదు.

ఇపుడు చెల్లెలి తూకము 60½ కిలోలు. పూర్వపు 58కి ఇంకను రెండున్నర మిగిలియున్నవి. అవి తగ్గునో తగ్గవో ఆమె పట్టించుకొనుట లేదు. తెల్లవాఱకముందే లేచి, మాత్ర వేసికొని, ముంగిట ముగ్గు పెట్టుచున్నది. సాయంకాలమున నేనును ఆమెతో నడకకు పోవుచున్నాను. ఇపుడు నన్ను వెనుక వదలి ముందు నడుచునది అదియే. పెండ్లిండ్లలో చిరకాలమునకు కనబడిన ఆడువారిని "ఒంట్లో కులాసాగా ఉన్నదా, అమ్మా?" అని మాత్రమే అడుగుట నేను అలవాటు చేసికొంటిని. చాలమంది ఆ ప్రశ్నకు నిజమైన సమాధానమే చెప్పుచున్నారు.